ఒంటి తల గండభేరుండం

సూది ఇంకా ఆగిన చోటే ఉంది. పట్టుగుడ్డకు వెంట్రుకవాసి ఎత్తున, దారం తెగకుండా, ఇప్పుడో ఇంకాసేపటికో దిగబోతున్నట్టే నిలబడి ఉంది.

విజయదశమి మర్నాడు పొద్దున అది ఆగినప్పుడు సుచరిత పడిన హైరానా కిందటి వారం చూశాం. కీ తీసి మళ్ళీ పెట్టింది. పొడిగుడ్డతో తుడిచి పెట్టింది. పక్క రంధ్రంలో పెట్టింది. ఎక్కడ పెట్టినా కంప్యూటర్ తెర మీద బూడిదరంగు గడి ఒకటే మాట చెబుతోంది: కీ పెట్టండి. పెట్టిన కీ కళ్ళెదుట కనబడుతుంటే పెట్టండి అనేదానికి ఏం జవాబు చెప్పాలో ఆమెకు తోచలేదు.

కర్నూలు వన్ టౌన్‌లో, హంద్రీ ఏటి వైపు దిగే ఇరుకు సందులో వాళ్ళ ఇల్లు. ముందుగదిని ఆ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషనే ఆక్రమించుకుని ఉంటుంది. వచ్చినవాళ్ళు కూర్చోవాలంటే రెండు కుర్చీలు గోడకు ఆనించి వేయాల్సిందే. డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు ఇంటిపనుల్లోనే ఉండిపోయిన సుచరిత, భర్త మురళిని ఒప్పించి కడపలో భూపేష్ అనే డీలర్ దగ్గర ఆ మిషన్ కొంది. దాంతో పాటు డిజైన్లు గీసే ప్రోగ్రాము, ప్రోగ్రాముకు ఒక కీ ఇచ్చాడతను. కీ అంటే బీరువా తాళంచెవి లాంటిది కాదు. బొటనవేలంత నల్లటి ముక్క, ఒక కొసన తళతళలాడే మూతి. దాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తేనే ప్రోగ్రాము తెరుచుకుంటుంది. తగిలించి ఉంచినంతసేపే మిషన్ కుడుతుంది. ప్రోగ్రామును ఎవరూ దొంగతనంగా నకలు తీసుకోకుండా కంపెనీ పెట్టుకున్న కాపలా అది.

ఆ రోజు సుచరితకు అది సబబుగానే తోచింది. తాళం దొంగలకు కదా, కొనుక్కున్న మనకేం అనుకుంది. శ్రావణంలో వోల్టేజి పెరిగి పాత కంప్యూటర్ కాలిపోయినప్పుడు కూడా ఇబ్బంది రాలేదు. కొత్తది కొని, అదే ప్రోగ్రాము వేయించి, అదే కీ తగిలిస్తే బుద్ధిగా పనిచేసింది. అప్పట్నుంచి దాని సంగతే మరిచిపోయింది.

ఇప్పుడు ఫ్రేములో బిగించి ఉన్నది మామూలు గుడ్డ అయితే ఇంత భయం ఉండేది కాదు. ఆత్మకూరు రామేశ్వరమ్మ గారి కూతురు చంద్ర పెళ్ళిచీర అది. కడుపున పుట్టిన సుప్రజకు మాటలు రాకముందే చంద్ర పోయింది. ఆ పిల్లను అవ్వే పెంచింది, ఆ చీరను అవ్వే దాచింది. ఎంత వేపాకు వేసి దాచినా పట్టు మడతల దగ్గర చిట్లిపోయింది. చిట్లనిచోట మిగిలినది సరిగ్గా ఒక్క రవికకు సరిపోయింది. ఆ ముక్కను రామేశ్వరమ్మ తన చేత్తో తనే కత్తిరించి తెచ్చి, మనమరాలు పెళ్ళిపీటల మీద తొడుక్కోవాలని చెప్పి, సుచరిత చేతుల్లో పెట్టింది. చీర అంచులో ఉన్న గండభేరుండాన్ని రవిక వీపు మీదికి తేవాలని అడిగింది. రెండు తలల పక్షి. ఒకటి అటు, ఒకటి ఇటు చూస్తూ. సుచరిత అంచును ఫోటో తీసి, పెద్దది చేసి, ఈకకు ఈక తనే తెర మీద గీసింది. అంత ఓపికగా ఆమె ఇంతవరకు దేన్నీ గీయలేదు.

ఒళ్ళు అయింది. తోక అయింది. ఎడమ తల అయింది. కుడి మెడ మొదలు కాబోతుండగా సూది ఆగింది.

గురువారం పెళ్ళి. గుడ్డను ఫ్రేము నుంచి తీస్తే మళ్ళీ పోగుకు పోగు కలిపి బిగించడం ఎవరివల్లా కాదు. కంప్యూటర్ ఆపితే, తిరిగి పెట్టినప్పుడు ప్రోగ్రాము కీ అడుగుతుంది. అది తెరుచుకోకపోతే సూది ఎక్కడ ఆగిందో చెప్పేవాళ్ళే ఉండరు. అందుకని ఆ పొద్దున్నుంచి ఆ కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. సుచరిత దాని ఎదుట తింటోంది, దాని ఎదుట కునుకు తీస్తోంది. అత్తగారు అనసూయమ్మతో మాత్రం ఆయుధపూజ అయింది కాబట్టి మిషన్‌కు కాస్త విశ్రాంతి ఇచ్చామని చెప్పింది. ఈ పొద్దున మురళి మొదటి బస్సుకే కీని రుమాల్లో చుట్టుకుని కడపకు, భూపేష్ దగ్గరికి బయల్దేరాడు.

*

మధ్యాహ్నం కంపెనీ నంబరుకు ఫోను కలిసింది. చాలాసేపు సన్నాయి పాట వినిపించాక ఒక మగగొంతు పలికింది. కడిగిన పళ్ళెంలా శుభ్రంగా ఉంది ఆ గొంతు. కీకి తడి తగిలిందా అని అడిగాడు. లేదండీ, వాడనప్పుడు డబ్బాలో పెడతాను అంది సుచరిత గట్టిగా. తడి తగిలితే బదులుగా కొత్తది ఇవ్వరట. తగలకపోయినా పరిశీలన ఉంటుందట, దానికి వ్యవధి చెప్పలేరట.

కీ సంగతి తర్వాత, నేను గీసుకున్న డిజైన్ అయినా నాకు విడిగా ఇవ్వండి, పక్కవీధిలో ఇంకొకరి మిషన్ మీద కుట్టించుకుంటాను అని బతిమాలింది. అప్పుడు అతను ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"గీసింది మీరే మేడమ్. కాదనట్లేదు. కానీ అది తెరుచుకోవాలంటే మా అనుమతి ఉండాలి. మీరు కొన్నది ప్రోగ్రాము కాదు, దాన్ని వాడుకునే అనుమతి మాత్రమే."

తను కాయలు కోసి, తను కారం కలిపి పెట్టుకున్న ఆవకాయ జాడీకి మూత మాత్రం ఎవరిదో అయినట్టు, అన్నంలోకి కావలసినప్పుడల్లా ఆ మూతవాళ్ళ గడపకు పోయి నిలబడాలన్నట్టు తోచింది సుచరితకు. కొన్న రోజు ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటారేమో, తెర మీద చీమతలకాయంత అక్షరాల్లో పొడుగ్గా దొర్లిపోయిన ఆ ఒప్పందంలో ఎక్కడో. చివర ఉన్న 'సరే'ను ఆమే నొక్కింది. నొక్కకపోతే మిషన్ కదలదు మరి.

పెట్టేసే ముందు అతను ఇంటి చిరునామా సరిచూసుకుని, ఎన్ని కంప్యూటర్లు వాడుతున్నారు మేడమ్ అని మామూలుగా అడిగాడు. పాతది కాలిపోయింది, ఇప్పుడున్నది కొత్తది అని ఆమె కూడా మామూలుగానే చెప్పింది. అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత, నోట్ చేసుకున్నాను మేడమ్ అని ఫోను పెట్టేశాడు.

ఆ టకటక సుచరిత చెవిలో అలాగే ఉండిపోయింది. ఏం తప్పు చెప్పానని తనను తను అడుగుతూ కూర్చుంది. ఏమీ లేదు.   

అప్పుడు సందు మొదట కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. ఆ సందులోకి కారు రాదు. వచ్చినవాళ్ళు దిగి నడవాల్సిందే. సుచరిత కిటికీలోంచి చూసి, గభాలున లేచి, ఉతికిన పాత పంచె ఒకటి తెచ్చి ఫ్రేము మీద కప్పింది.

*

రామేశ్వరమ్మ పొడుగు మనిషి కాదు. సన్నగా, తెల్లటి నేత చీరలో, మెడలో పలచటి గొలుసుతో, దారిలో కనబడితే ఎవరో రిటైరైన టీచరమ్మ అనుకుంటాం. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఆత్మకూరులో ఆమె గొంతు తగ్గిస్తే మాత్రం కూర్చున్న మగవాళ్ళు లేచి నిలబడతారని చెప్పుకుంటారు. వెనకాలే సుప్రజ వచ్చింది, చేతిలో గాజుల అట్టపెట్టెలతో. ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతోంది.

"ఏమ్మా సుచరితా," అంది రామేశ్వరమ్మ చెప్పులు విడుస్తూ. "గాజులకని వచ్చినాం. సందు మొదట్లోనే దిగినాం. మీ మిషను సప్పుడు ఆడికే ఇనపడతాది గదా, ఈ పొద్దు ఇనపళ్ళేదే?"

 ఆయుధపూజ చేశాం కదా పెద్దమ్మా, దానికి కొంచెం విశ్రాంతి ఇచ్చాం అంది సుచరిత. అత్తగారికి చెప్పిన అబద్ధమే. రెండోసారి చెప్పేటప్పటికి అది ఇంకా పలచబడింది.

కుర్చీలు వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. సుప్రజ కూర్చోలేదు. నవ్వుతూ, అక్కా, ఒకసారి మిషన్ వేస్తారా, మా ఫ్రెండ్సుకు వీడియో పంపిస్తా అంటూ కంప్యూటర్ వైపు నడిచింది. తెర మీది బూడిదరంగు గడిని చూసింది. చదివింది. ఆ పిల్ల ముఖంలో నవ్వు చెరగలేదు గానీ ఉన్నచోటే గడ్డకట్టింది. ఒక్కసారి సుచరిత కళ్ళలోకి చూసి, ఏమీ అనకుండా, ఫోను సంచిలో పెట్టేసుకుని, అవ్వకు తెర కనబడకుండా అడ్డంగా నిలబడింది.

ఇన్ని రోజుల్లో తన భయాన్ని మురళితో తప్ప ఇంకొకరితో పంచుకోవడం సుచరితకు అదే మొదటిసారి. ఆ పంచుకున్నది ఎవరితో? ఆ రవిక తొడుక్కోవలసిన పిల్లతో.

రామేశ్వరమ్మ అవేవీ చూడలేదు. ఆమె చూపు పంచె మీద ఉంది. లేచి వచ్చింది. పంచె కొసను రెండు వేళ్ళతో పట్టుకుని, పడుకున్న పసిబిడ్డ మీద దుప్పటి తీసినట్టు మెల్లగా తీసింది.

మెరూన్ పట్టు మీద బంగారు జరీ. విప్పిన రెక్కలు, పట్టు పట్టిన గోళ్ళు. ఎడమ వైపుకు తిరిగిన తల, ముక్కు కొంచెం తెరిచి, కంటిలో ఎర్రదారపు చుక్కతో ప్రాణం ఉన్నట్టే ఉంది. కుడి వైపున మెడ మొదలవ్వాల్సిన చోట నరికినట్టుగా బోసిగా ఉంది. కాబోయే పెళ్ళికూతురి వీపు మీద ఒంటి తలతో, మిగిలిన తల ఎవరో తీసుకుపోయినట్టు.

 వంటింట్లో అనసూయమ్మ గిన్నె దించిన చప్పుడు వినిపించింది.

"రెండో తల యాడమ్మా?" అంది రామేశ్వరమ్మ. గొంతు తగ్గించే అంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. బల్ల కింద యూపీఎస్ కీచుమంది, ఆగింది, మళ్ళీ కీచుమంది. తీగల మీది కొమ్మలు కొట్టడానికి మధ్యాహ్నం కరెంటు తీస్తారని పొద్దున మైకులో చెప్పారు. సుచరిత విని కూడా మరిచిపోయింది. యూపీఎస్ పాతది. ఎంతసేపు ఆగుతుందో దానికే తెలియదు.

అది ఆగిపోతే ఏమవుతుందో చెప్పకుండా ఉండడం ఇక కుదరలేదు. సుచరిత చెప్పేసింది. కీ సంగతి, గడి సంగతి, మురళి కడపకు పోయిన సంగతి, కంపెనీ మనిషి చెప్పిన సంగతి. చెబుతున్నంతసేపూ కింద ఆ కూత ఆమె మాటలకు మధ్య మధ్య అడ్డం పడుతూనే ఉంది. రామేశ్వరమ్మ కదలకుండా విన్నది. అంతా అయ్యాక ఫ్రేము పక్కన చెయ్యి ఆనించి, గుడ్డను మాత్రం ముట్టుకోకుండా అడిగింది.

"వాని ప్రోగ్రాము వాడు దాచుకోనీ. వాని తాళం వాడు ఏసుకోనీ. నా బిడ్డ చీరను ఏంటికి పట్టుకున్యాడు? ఈ చీరకూ వానికీ ఏం సంబంధం?"

 ఈ మాటే సుచరిత ఫోనులో అడగాల్సింది. అడగడం రాలేదు.

"ఇంత విలువైంది చేతిలో పెట్టుకొని, ఆ ముక్కను బద్రంగా చూసుకోలేకపోయినావా?" అంది రామేశ్వరమ్మ మళ్ళీ. ఈసారి ఇంకా తగ్గింది గొంతు. సుప్రజ, అవ్వా అని చెయ్యి పట్టుకోబోయింది. ఆమె విడిపించుకుంది.

మజ్జిగ గ్లాసులతో వంటింటి గుమ్మంలోకి వచ్చిన అనసూయమ్మ ఆ చివరి మాట ఒక్కటే విన్నది. కోడలి పనికి ఎవరైనా వంక పెడితే ఆమె ఊరుకునే మనిషి కాదు. తను పెట్టే వంకలు వేరు.

"అట్లనొద్దు రామేశ్వరమ్మక్కా," అంది గ్లాసులు బల్ల మీద పెడుతూ. "మా ఇంట్ల మిషనును చూసుకున్నట్ల నన్ను గూడా చూసుకోరు. దానికి రోజూ తుడ్సడం, నూనె ఏయడం. ఆయుధపూజకు దారం ఉండల్ని గూడ ఇడ్సకుండా బొట్లు పెట్టినాం. అంతెందుకు, ఆ నల్ల బీగంచెవి ఉండాది సూడు, కంప్యూటరుకు తగిలించేది, దాని మూతి మసకబారి ఉంటే నేనే పూజసామాన్లతో పాటు చింతపండేసి తోమినా. దీపపు కుందుల కన్నా అదే తళతళ మన్నింది. ఎండలో ఆరబెట్టి, గంధం బొట్టు పెట్టి, మళ్ళా దాని డబ్బాలోనే పెట్టినా. ఇంగ ఎవురు సూసుకుంటారక్కా ఇంత బద్రంగా?"

సుచరిత గోడకు ఆనుకుంది.

పండగ మర్నాడు పొద్దున ఆ డబ్బా మూత తీసినప్పుడు సన్నగా పుల్లటి వాసన వచ్చింది. దేవుడి గదిలోంచి వస్తోంది అనుకుంది. పెరట్లో అరటాకు మీద వరసగా ఆరబెట్టిన గంట, కుందులు, హారతి పళ్ళెం, ఉద్ధరిణె అన్నీ ఇప్పుడు కళ్ళముందుకు వచ్చాయి. వాటి కొసన నల్లటి చిన్న ముక్క ఒకటి. తను ఆ వైపు పోనేలేదు. పోయి ఉంటే కనబడేది. తడి తగల్లేదండీ, అని ఎంత గట్టిగా చెప్పింది ఆ మనిషితో. ఇదే మాట మురళికి కూడా నేర్పి పంపింది. ఈపాటికి మురళి భూపేష్ గల్లాపెట్టె ఎదుట నిలబడి, ఒట్టు పెట్టినట్టు అదే చెబుతూ ఉంటాడు. వాళ్ళు ఆ కీని విప్పి చూస్తారు. లోపల చింతపండు పీచు కనబడుతుంది.

యూపీఎస్ కీచుమంటూనే ఉంది.

అనసూయమ్మ కోడలి ముఖంలోకి చూసింది. డెబ్బై దగ్గరపడుతున్న ఆ కళ్ళకు అక్షరాలు సరిగ్గా ఆనవు గానీ ముఖాలు బాగానే ఆనుతాయి.

"ఏం సుచరితా?" అంది. గొంతులో ఇందాకటి ధీమా లేదు. "అట్ల సూస్తాండావే. తోమకూడదా దాన్ని?"

చెప్పాలి. చెబితే తప్పు తనది కాకుండా పోతుంది. ఎదుట ఆత్మకూరు రామేశ్వరమ్మ ఉంది, ఆమె బిడ్డ చీర ఉంది, గురువారం పెళ్ళి ఉంది. ఒక్క మాట చాలు. సుచరిత ఆ మాటను నాలుక మీదికి తెచ్చుకుంది కూడా. కానీ పండగ పొద్దున పీట వాల్చుకుని కూర్చుని, అంత చిన్న ముక్కను బొటనవేలికి చింతపండు పూసుకుని తోముతున్న ముసలామె ఆమె కళ్ళముందు మెదిలింది. ఇంట్లో అన్నం పెట్టే వస్తువని తెలిసి, దేవుడి సామానుతో కలిపి తోమింది.

"ఏం కాదత్తా," అంది సుచరిత. "దానికేం కాదు."

సుప్రజ తల దించుకుంది. అనసూయమ్మ నమ్మిందో లేదో గానీ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ అక్కడే నిలబడిపోయింది. రామేశ్వరమ్మ ఒకసారి అత్తను, ఒకసారి కోడలిని చూసింది. ఆమెకు కంప్యూటర్లు తెలియవు. ఇళ్ళు తెలుసు. వెళ్ళి కుర్చీలో కూర్చుని, మజ్జిగ గ్లాసు అందుకుంది.

"మా ఇంట్లో ఉన్నింటే నేనూ తోమింటా," అంది, ఎవరివైపూ చూడకుండా.

 

*

ఫోను మోగింది. మురళి.  సుచరిత ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా నొక్కింది. దాచడానికి ఇంకేం మిగిలింది?

"సుచరితా, కీ బాగుండాది," అన్నాడు మురళి. బస్టాండు రొద లాంటిదేదో వెనక ఉంది. "పాడు కాలేదు. భూపేష్ కంప్యూటరుకు పెట్టంగానే లైటెలిగింది. శుబ్బరంగా ఉండాది లోపల."

ఒక్క క్షణం సుచరితకు ఒళ్ళంతా వదులైంది. చింతపండు కాదు. అత్త కాదు. ఆమె అనసూయమ్మ వైపు తిరిగి నవ్వబోయింది.

"ఆపింది వాళ్ళు. పైనుంచి, నెట్‌లోనే. కంపెనీనే ఆపింది," అన్నాడు మురళి. ఇప్పుడు గమనించింది, అతను పరిగెత్తినవాడిలా ఆయాసపడుతున్నాడు. "ఒక కీ, రెండు కంప్యూటర్లు అని వాళ్ళ లెక్కలో పడిందంట. మనం ఇంకొకరికి నకలు ఇచ్చినామంట. పాతది కాలిపోయింది సామీ అని తల కొట్టుకొని చెప్పినా. మీ ఆవిడ ఇప్పుడే ఫోన్లో ఒప్పుకునింది గదా రెండున్నాయని, అంటాండారు. మన పేరు దొంగల్లో రాసుకున్యారు."

నోట్ చేసుకున్నాను మేడమ్. ఆ శుభ్రమైన గొంతు.

"కీ తీసుకొని వచ్చేయండి," అంది సుచరిత. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"యాడిది కీ? భూపేష్ తీసి సొరుగులో ఏసుకున్యాడు. ఇయ్యొద్దని ఆర్డరంట. విను, ముందు ఇది విను. వాళ్ళ తనిఖీ మనుషులు పొద్దుట్నుంచి కర్నూల్లోనే ఉండారంట, షాపులు సూస్తా. పోలీసుల్ని ఎంటబెట్టుకొని. నీ ఫోను అయినాక మన అడ్రసు ఇచ్చినారంట వాళ్ళకు. మన ఇంటికే వస్తాండారు. మిషను, కంప్యూటరు యెట్లుంటే అట్ల సీలేసి ఎత్తకపోతారు."

"ఫ్రేములో గుడ్డ ఉంది."

"అడిగినా. యెట్లుంటే అట్లనే అంటాండారు. అది గూడా సాక్ష్యమేనంట." మురళి ఆగాడు. "కేసయితే ఎన్నాళ్ళకు ఇడుస్తారో తెలీదు సుచరితా. నేను బస్సెక్కుతాండా. వచ్చేవరకు..." రొదలో మాట తెగిపోయింది.

యూపీఎస్ కూత మారింది. ఆగి ఆగి కాకుండా గబగబా కీచుమంటోంది.

అనసూయమ్మకు ఆ మాటల్లో సగమే అందాయి. అందిన సగంలో మురళి వస్తున్నాడన్నది ఉంది, ఇంటికి ఎవరో వస్తున్నారన్నది ఉంది. మరి ఇల్లు ఇట్లుండాది అనుకుంటూ కుర్చీ పక్కన పడిన పంచె తీసి మడత పెట్టింది.

రామేశ్వరమ్మ లేచి ఫ్రేము దగ్గరికి వచ్చింది. గ్లాసులో మజ్జిగ అలాగే ఉంది. ఆమె ముఖంలో ఎన్నడూ ఎవరూ చూడనిది ఒకటి కనిపించింది సుచరితకు. ఆమె కూడా భయపడుతోంది.

"ఇప్పుడు తీసేస్తే?" అంది.

"చీర మిగులుతుంది పెద్దమ్మా. మళ్ళీ ఇదే కొలతకు బిగించలేను. పక్షి ఇట్లే ఉండిపోతుంది. ఒంటి తలతో."

"తీయకపోతే?"

"వాళ్ళు తీసుకుపోతారు."

సుప్రజ ఆ బోసిగా ఉన్న చోటు వైపే చూస్తోంది. తల్లి ముఖం ఫోటోల్లో తప్ప ఎరగని పిల్ల. ఏమైనా అంటుందేమోనని ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె గాజుల పెట్టెలు కుర్చీలో పెట్టి, వచ్చి సుచరిత వెనక నిలబడింది.

సుచరిత చెయ్యి ఫ్రేము మర మీదికి పోయింది. చిన్న ఇత్తడి మర. బొటనవేలు, చూపుడువేలు చాలు. సగం తిప్పితే బిగువు వదులుతుంది, ఇంకో సగం తిప్పితే గుడ్డ చేతికి వస్తుంది. ఆమె వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. తిప్పలేదు. ఆ పక్షిని ఈకకు ఈక గీసిన వేళ్ళు అవి. వాటి మీద రామేశ్వరమ్మ చెయ్యి వచ్చి పడింది, ఎండిన, వేడి చెయ్యి. గట్టిగా పట్టుకుంది. తిప్పమని పట్టుకుందో వద్దని పట్టుకుందో సుచరితకు అర్థం కాలేదు. బహుశా ఆమెకూ తెలియదు.

సందులో అడుగుల చప్పుడు. ఒకరిది కాదు. బూట్లు.

బల్ల కింద కూత ఒక్కసారిగా ఆగిపోయింది. తెర మీద బూడిదరంగు గడి ఆరిపోయి అంతా నల్లబడింది. ఆ నలుపులో సుచరితకు తన ముఖం, దాని వెనక పెళ్ళికూతురి ముఖం కనిపించాయి. సూది మాత్రం గుడ్డకు వెంట్రుకవాసి ఎత్తున అలాగే ఉంది. ఎక్కడ దిగాలో ఇప్పుడు దానికి తెలియదు.

తలుపు మీద దబదబా కొట్టారు. కంప్యూటర్ కుట్టు సుచరిత గారి ఇల్లు ఇదేనా అని ఒక గొంతు.

అత్తా, వద్దు, అని సుచరిత అనబోయింది.  అప్పటికే అనసూయమ్మ కొంగు సర్దుకుని, గడియ తీసి, ఎండలో నిలబడ్డవాళ్ళ వైపు తలుపు బార్లా తెరిచింది.

"ఆ, ఇదే ఇల్లు నాయనా," అంటోంది ఆదరంగా. "రాండి, ఎండన పడి వచ్చినారు. మిషను లోపలే ఉండాది."